ఫ్లిప్ ఫోన్ మూత తెరిచినట్టు లోపలి సర్క్యూట్‌కి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న:
పాత ఫ్లిప్ ఫోన్ ఒకటి విప్పి చూశానండి. మెయిన్ బోర్డు, బ్యాటరీ, కీప్యాడ్ కింది సగంలో, డిస్‌ప్లే, చెవి దగ్గరి స్పీకర్ పై మూతలో ఉన్నాయి. మూత తెరిస్తే కాల్ ఎత్తుతుంది, మూస్తే కట్ అవుతుంది, కానీ స్విచ్ ఎక్కడా కనపడలేదు. ఇంకోటి, మూత సగం తెరిస్తే బొమ్మ బాగానే వస్తుంది, పూర్తిగా తెరిస్తే గీతలు పడుతున్నాయి.

జవాబు 1:
స్విచ్ ఉన్న మోడళ్లూ ఉన్నాయి గానీ, మీదాంట్లో అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉండి ఉంటుంది. మూతలో చిన్న అయస్కాంతం, దానికి ఎదురుగా బోర్డు మీద చిన్న చిప్. అయస్కాంతం దగ్గరికొస్తే చిప్ అవుట్‌పుట్ వోల్టేజి మారుతుంది, ఆ మార్పు చూసి ప్రాసెసర్ మూత పడిందని తెలుసుకుంటుంది. కాల్ ఎత్తాలా, లైటు ఆర్పాలా అన్నది సాఫ్ట్‌వేర్ పని. మూత తెరిచి ఉంచి ఇంకో అయస్కాంతాన్ని ఆ చిప్ ఉన్నచోట ఆనించండి, స్క్రీన్ ఆరిపోతే అదే.

జవాబు 2:
గీతలకు కారణం దాదాపు ఫ్లెక్స్ కేబులే, అంటే కింది బోర్డునీ పై డిస్‌ప్లేనీ కలిపే, వంగే కేబుల్. నాకైతే ఫోన్ మొత్తంలో అద్భుతం అదే! పాలీఇమైడ్ అనే పల్చటి ఫిల్మ్ మీద సన్నటి రాగి దారులు, వంపు ఒకేచోట పడకుండా కీలులో చుట్టలా తిప్పి పెడతారు. అయినా వేల సార్లు వంగాక రాగి చిట్లుతుంది, ఒక కోణంలో అతుక్కుంటుంది, ఇంకో కోణంలో విడిపోతుంది. టంకం వేసినా వంగే చోట నిలవదు, కేబుల్ మార్చాల్సిందే.

జవాబు 3:
మార్చేముందు రెండు చివర్ల కనెక్టర్లు ఊడదీసి మళ్లీ నొక్కి చూడండి, ఒక్కోసారి అక్కడే లూజ్ ఉంటుంది.