‘బేచిరాక్’ ఊరు: హద్దులున్నాయి, జనం లేరు

ప్రశ్న: ఒక చిన్న పట్టణం చరిత్ర కోసం పాత రికార్డులు తిరగేస్తుంటే పక్క గ్రామం పేరు ఎదుట ‘బేచిరాక్’ అని ఉంది. జనగణనలో జనాభా సున్నా, విస్తీర్ణం మాత్రం ఉంది. ఇదేం లెక్క?

జవాబు: ఫారసీ మాటండీ. ‘బే’ అంటే లేని, ‘చిరాగ్’ అంటే దీపం. దీపం పెట్టే దిక్కులేని ఊరన్నమాట. బేకార్, బేఫికర్‌లో ఉన్న ‘బే’నే ఇదీ. చివరి ‘గ’ మన నోట్లో పడి ‘క’ అయింది. రెవెన్యూ గ్రామానికి ఇళ్లుండాలని లేదు. హద్దులు, సర్వే నంబర్లు, నక్ష (గ్రామ పటం) ఉంటే చాలు. రైతులు పక్కూళ్లో కాపురముండి ఇక్కడ సాగు చేస్తారు. జనగణన మనిషిని ఇల్లున్న చోట లెక్కిస్తుంది, పొలమున్న చోట కాదు.

ఇంకో జవాబు: ఒకప్పుడు అక్కడ ఊరుండేదా అన్నది తేల్చాలంటే నక్షలో గ్రామకంఠం, అంటే ఊరి ఇళ్ల స్థలం, గుర్తించి ఉందేమో ముందు చూడండి. తర్వాత పాటిగడ్డ, అంటే పాత ఊరున్న దిబ్బ, వెతకండి. మట్టి బూడిదరంగులో పొడిపొడిగా ఉంటుంది, కుండపెంకులు తేలుతుంటాయి. పాటిమన్ను ఎరువుగా పొలాలకు తోలుకుపోతారు కాబట్టి చాలాచోట్ల గడ్డ కరిగిపోయి ఉంటుంది. పెంకు దొరికిందని వెంటనే శాతవాహనుల దాకా వెళ్లిపోకండి!

ఊరు ఎందుకు పాడుబడిందంటే పెద్దవాళ్లు ‘గత్తరొచ్చి పోయింది’ అంటారు. గత్తరంటే కలరా. ప్లేగు, కరువు, ప్రాజెక్టు ముంపు కూడా కారణాలే. 1918 ఇన్‌ఫ్లుయెంజా సంగతి మరవద్దు: హైదరాబాద్ సంస్థానం జనాభా 1911లో సుమారు 1 కోటి 33 లక్షలు, 1921కి 1 కోటి 24 లక్షలకు పడిపోయింది. మీ పట్టణం లెక్క కూడా 1921లో తగ్గి కనిపిస్తే అచ్చుతప్పని దిద్దేయకండి.

మరొకరు: సంవత్సరాలతో జాగ్రత్త సార్. కాగితం మీద 1340 ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) అంటే 590 కలపాలి, 1930-31 వస్తుంది. హిజ్రీ (ఇస్లామిక్ చాంద్రమాన సంవత్సరం) అనుకున్నారో, 1921-22కు వెళ్లిపోతారు.

‘పట్టణం’ అన్న మాటకూ లెక్కుంది. మున్సిపాలిటీ కాకపోయినా 2011 జనగణన పట్టణంగా చూపాలంటే కనీసం 5,000 జనాభా, ప్రధాన శ్రామికులైన (ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పనిచేసిన) మగవాళ్లలో 75 శాతం వ్యవసాయేతరులు, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. విస్తీర్ణమంటే ఇళ్లున్న మేరే కాదు, పొలాలతో సహా రెవెన్యూ గ్రామం మొత్తం. 6,000 మంది, 12 చదరపు కిలోమీటర్లు అనుకోండి: సాంద్రత 500. పక్కనున్న 4 చదరపు కిలోమీటర్ల బేచిరాక్‌నూ కలిపేస్తే 375కు దిగుతుంది. కాబట్టి రెండింటినీ ఒకే పట్టికలో కలపకండి.

ప్రశ్నించినవారు: ఇప్పుడక్కడ వెంచర్లు, ఇళ్లు వచ్చాయి. ఇంకా బేచిరాకేనా?

జవాబు: రెవెన్యూ కాగితాల్లో ఆ ముద్ర చాలాకాలం అలాగే ఉండిపోతుంది. జనగణనలో మాత్రం ఉన్నవాళ్లను ఉన్నట్టే ఎక్కిస్తారు. సున్నా నుంచి పెరుగుదల శాతం కట్టలేం కాబట్టి ఆ గడిలో గీత పెట్టి, పక్కన జనాభా సంఖ్య రాయండి.