యాక్సిడెంట్ కేసుల్లో పర్సెంటేజీ ఫీజు: నిషేధం ఎవరిని కాపాడుతోంది?

నరసరావుపేట జూనియర్:
ప్రాక్టీసు మొదలుపెట్టి ఆరేళ్లు. నేను చేసేవి దాదాపు అన్నీ ఎంవీఓపీలే, అంటే రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు. మా దగ్గర అందరికీ తెలిసీ పైకి ఎవరూ అనని విషయం ఒకటి చర్చకు పెడుతున్నాను. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు, వచ్చే సొమ్ములో వాటా ఒప్పుకోకూడదు అని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమాల్లో 20వది చెబుతుంది. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అది తెలంగాణ నుంచి వెళ్లిన కేసే. ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒకావిడ దగ్గర వకీలు ఫీజు కింద 3 లక్షల చెక్కు తీసుకుని, అది బౌన్సయిందని ఆమె మీదే కేసు వేశారు. వచ్చిన పరిహారంలో ఇంత శాతం అని లెక్కగట్టి అడిగే ఫీజు చెల్లదంటూ కోర్టు ఆ చెక్కు కేసును కొట్టేసింది.

తీర్పును కాదనను. కానీ తాపీపని చేసుకునే మనిషి లారీ కింద పడి పోతే అతని భార్య దినాలకే అప్పు చేస్తుంది. ముందుగా ఫీజు ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఎఫ్ఐఆర్, చార్జిషీటు, పోస్టుమార్టం రిపోర్టు కాపీలు తీయించాలి. గాయాల కేసైతే డాక్టర్ని సాక్ష్యానికి రప్పించాలి. ఇవన్నీ చేతి డబ్బు పెట్టి చేసేది మేమే. ఏళ్లు తిరిగాక కేసు పోతే ఆ డబ్బూ పోయినట్టే. పర్సెంటేజీ లేకపోతే ఆ కట్ట పట్టుకునేవాడు దొరకడు. నిషేధం ఎత్తేసి, ఇంతకు మించి తీసుకోకూడదని హద్దు పెట్టాలన్నది నా వాదన.

ఖమ్మం కూతురు:
మా నాన్న బైకు మీద వస్తుంటే వెనకనుంచి వ్యాను గుద్దింది. వకీలు "20 పర్సెంటమ్మా, ఇప్పుడేం ఇవ్వొద్దు" అంటే అమ్మ చేతులెత్తి దండం పెట్టింది. ఇన్సూరెన్సు వాళ్లు డబ్బు డిపాజిట్ చేశాక, ఆ డబ్బు మాకు ఇమ్మని కోర్టును అడిగే చెక్ పిటిషన్ వేసే ముందు, అమ్మ చేత ఐదు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించుకున్నారు. 20 అన్నది ఖర్చులు కలిపి 35 దాకా పోయింది. లెక్క అడిగితే "నేను లేకపోతే మీకు ఇదైనా వచ్చేదా" అన్నారు. ఆ మాటా నిజమే, అందుకే అమ్మ నోరు మెదపలేకపోయింది. జూనియర్ గారూ, ఉన్న నియమాన్నే చూసే దిక్కు లేదు. మీరు పెట్టమనే హద్దును ఎవరు చూస్తారు?

పాత గుమస్తా:
31 ఏళ్లు ప్లీడరు గుమస్తాగా చేశాను బాబూ. ఆ నియమం ఎందుకు పెట్టారో కళ్లారా చూసినవాణ్ణి. వాటా ఉన్న రోజు నుంచి వకీలు వకీలుగా ఉండడు, భాగస్తుడైపోతాడు. గుద్దిన బండికి ఇన్సూరెన్సు లేకపోతే, ఇన్సూరెన్సు ఉన్న వేరే బండిని కేసులోకి తెచ్చి పెట్టడం అక్కడే మొదలవుతుంది. ఇంకోటి లోక్ అదాలత్. అక్కడ రాజీ అయితే దాని మీద అప్పీలు లేదు. మరో ఏడాది ఆగితే క్లయింటుకు నాలుగు లక్షలు ఎక్కువ వచ్చే కేసులో, తన వాటా ఇవాళే చేతికొస్తుందని "ఒప్పేసుకోమ్మా" అని నచ్చజెప్పిన వాళ్లను చూశాను. అందరూ అలాంటివాళ్లని అనను. నేను పనిచేసిన అయ్యగారు చాలా కేసుల్లో పైసా తీసుకోలేదు. కానీ మనిషి మంచితనం మీద చట్టం నడవదు.

డాలస్ తెలుగువాడు:
ఇక్కడ అమెరికాలో గాయాల కేసులు దాదాపు అన్నీ పర్సెంటేజీ మీదే. మామూలుగా మూడో వంతు. క్రిమినల్ కేసుల్లో, విడాకుల్లో మాత్రం కుదరదు. ఇంగ్లండులో 2013 నుంచి గాయాల కేసుల్లో వాటాకు 25 శాతం హద్దు ఉంది. రెండు చోట్లా ఒప్పందం కాగితం మీద ఉండాల్సిందే. ఖమ్మం చెల్లెమ్మ చెప్పినదాంట్లో నన్ను బాధపెట్టింది 35 శాతం కాదు, చేతిలో ఒక్క కాగితం కూడా లేకపోవడం. నిషేధం ఉంది కాబట్టే ఏ వకీలూ రాసివ్వడు. రాస్తే తన తప్పుకు తానే సాక్ష్యం ఇచ్చినట్టు.

నరసరావుపేట జూనియర్:
నేను చెప్పలేకపోయింది అన్న చెప్పారు. గుమస్తా గారూ, మీరు చూసినవన్నీ నిషేధం ఉండగా జరిగినవే కదండీ.

కరీంనగర్ ప్యానెల్ అడ్వకేటు:
తమ్ముడూ, నీ వాదనలో ఒక పెద్ద సంగతి తప్పిపోయింది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. నువ్వు చెప్పిన తాపీమేస్త్రీ భార్యకు ఆ హక్కు ఇవాళ ఉంది. కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చాలు. ఆ మాట ఆమెకు ఆసుపత్రి మార్చురీ దగ్గర ఎవరూ చెప్పరు. వకీళ్లకు కేసులు పట్టిచ్చే ఏజెంటు మాత్రం అక్కడికి ముందే చేరుకుంటాడు. 2022 ఏప్రిల్ నుంచి క్లెయిముకు చట్టంలో 6 నెలల గడువు పెట్టారు కాబట్టి, భయపడి దొరికిన కాగితం మీద సంతకం పెట్టేస్తుంది.

మా వైపు లోపమూ చెబుతాను. ఈ ఉచిత సాయం కింద కేసులు చేసే మాలాంటి ప్యానెల్ వకీలుకు ఇచ్చేది చాలా తక్కువ. ఆ డబ్బుకు సాక్షుల చుట్టూ ఎవరు తిరుగుతారు? అందుకని నేను కోరేది వేరు. అవార్డు, అంటే పరిహారం తీర్పు, ఇచ్చే రోజునే ట్రిబ్యునల్ జడ్జిగారు, జరిగిన పనిని చూసి, వకీలు ఫీజు ఇంత అని ఉత్తర్వులో రాయాలి. అది డిపాజిట్‌లోంచి నేరుగా వకీలుకు, మిగతాది నేరుగా క్లయింటు ఖాతాకు పోవాలి. మధ్యలో ఖాళీ చెక్కుకు పనే ఉండదు.

నరసరావుపేట జూనియర్:
అక్కా, జడ్జిగారు చేసిన పనికి తగ్గట్టు రాస్తే నాకు అభ్యంతరం లేదు. ఓడిన కేసుల్లో పెట్టిన ఖర్చు మాట? దానికి జవాబు దొరికేదాకా నేను హద్దు దగ్గరే ఆగుతాను.

ఖమ్మం కూతురు:
అమ్మ చెక్కుల్లో రెండు ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి. అప్పీలు చేద్దామంటే ఫైలు కూడా ఇవ్వడం లేదు. ఫీజు బాకీ ఉందంటున్నారు.

కరీంనగర్ ప్యానెల్ అడ్వకేటు:
అమ్మా, రేపే బ్యాంకుకు వెళ్లి ఆ రెండు చెక్కుల నంబర్లు రాసిచ్చి చెల్లింపు ఆపించండి. తర్వాత ఆయనకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. చెక్కులు, ఫైలు, మీ సొమ్ము లెక్క, ఈ మూడూ అడగండి. క్లయింటు అడిగితే లెక్క కాపీ ఇవ్వాలని నియమాల్లోనే ఉంది. ఫీజు బాకీ పేరుతో ఫైలు ఆపే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఇవ్వకపోతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు అడ్వకేట్ల చట్టం 35వ సెక్షను కింద ఫిర్యాదు ఇవ్వచ్చు. రసీదులు దాచుకోండి. ఉత్తరం రాయడానికి తోడు కావాలంటే మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అమ్మనే తీసుకెళ్లండి, అది ఆవిడ హక్కు.