నేల కుంగుదల: రాడార్ చిత్రాల్లో ఏది నమ్మాలి?

ప్రశ్న:
గ్యాస్ తోడుతున్న ఒక రిజర్వాయర్ (భూమి లోపల గ్యాస్ ఉన్న రాతి పొర) మీద నేల ఎంత కుంగుతోందో సెంటినెల్-1 అనే రాడార్ ఉపగ్రహం డేటాతో, వేర్వేరు రోజుల చిత్రాలను రెండేసి జతగా పోల్చి చూస్తున్నాను. ఇళ్లున్న చోట కదలికను చూపే రంగుల పట్టీలు శుభ్రంగా వచ్చాయి కానీ పొలాల వైపంతా ఇసుక చల్లినట్టు చుక్కలే. పైగా ఒక జతలో 3 సెంటీమీటర్లు కుంగినట్టు, తర్వాతి జతలో అంతే లేచినట్టు ఉంది. ఏది నిజం?

జవాబు:
రెండూ నమ్మకండి. అది చాలావరకు గాలిలోని తేమ. ఈ రాడార్ తరంగం సుమారు 5.6 సెంటీమీటర్లు, అంటే ఒక రంగుల చుట్టు పూర్తయితే ఉపగ్రహం చూసే దిశలో 2.8 సెంటీమీటర్ల కదలిక అన్నమాట, తేమ ఒక్కటే అంత తేడా చూపించగలదు. ఇరవై ముప్పై చిత్రాలతో టైమ్ సిరీస్ (తేదీల వరసలో కదలిక లెక్క) చేయండి. తేమ రోజుకోలా ఉంటుంది, కుంగుదల ఒకే దిశలో సాగుతుంది.

ఇంకో జవాబు:
పొలాల సంగతంటారా, 12 రోజుల్లో పైరు ఎదుగుతుంది, దున్నేస్తారు, రాడార్ మొదటిసారి చూసిన నేల రెండోసారికి ఉండదు. అక్కడ సుమారు 24 సెంటీమీటర్ల పొడవైన తరంగం వాడే ఎల్-బ్యాండ్ రాడార్ నయం.

అడిగినవారు:
మరి ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు తేలుతుందా? నాకైతే డౌటే.

జవాబు:
తేలుతుందండీ. అల్జీరియాలోని ఇన్ సలాలో 2004 నుంచి 2011 వరకు కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలోకి పంపితే, బావుల మీద ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్ల ఉబ్బు రాడార్‌కి దొరికింది. ఎడారి కదా, చెట్టూ చేమా అడ్డు లేదు. ఇంతకీ మీ రిఫరెన్స్ పాయింట్, అంటే కదలదనుకుని మిగతావాటిని దాంతో పోల్చి కొలిచే చోటు, ఎక్కడ పెట్టారు?

అడిగినవారు:
అయ్యో... రిజర్వాయర్ మీదే.