తీర్చడం వేరు, దిద్దడం వేరు: విమానం బొమ్మ దగ్గర తేలిన మాట

నల్లగొండలో బడి పిల్లల కోసం స్కేల్ మోడల్ విమానాల మీద తెలుగులో ఒక చిన్న కరపత్రం రాస్తున్నాను. కిట్‌లో వచ్చిన ప్లాస్టిక్ భాగాల ఆకారం అసలు విమానంతో కుదరకపోతే, దాన్ని మార్చుకునే పనిని ఏమనాలో తేలడం లేదు. మొదట "ఆకార సవరణ" అని రాసి కొట్టేశాను, ఓటర్ల జాబితా గుర్తొచ్చింది. తర్వాత "తీర్చిదిద్దడం" అన్నాను. ఈ మాటను మీటింగుల్లో అరగదీశారు. జిల్లాను తీర్చిదిద్దుతాం, విద్యార్థులను తీర్చిదిద్దారు అంటూ పూలదండతో పాటు మెడలో వేసేస్తారు. అయినా విడదీసి చూస్తే అందులో నిజంగానే రెండు క్రియలున్నాయి. నా పనిలోనూ రెండున్నాయి.

పని ఎలా ఉంటుందో చెబితే గానీ మాట తేలదు. మిగ్-21 యుద్ధ విమానాన్నే తీసుకుందాం. 2025 సెప్టెంబర్ 26న మన వైమానిక దళం దానికి వీడ్కోలు చెప్పింది కాబట్టి పిల్లలంతా అదే అడుగుతున్నారు. దాని రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 7.15 మీటర్లు. 1:72 బొమ్మలో, అంటే అసలులో 72వ వంతు బొమ్మలో, అది 99 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. కిట్ చేతికి రాగానే ముందు స్కేలు పెట్టి ఇది చూడాలి. బొమ్మ మీద ఒక మిల్లీమీటర్ తేడా అంటే అసలు విమానం మీద 72 మిల్లీమీటర్లు, మూడంగుళాలకు కాస్త తక్కువ.

కొలతలు సరిపోయినంత మాత్రాన ఆకారం కుదిరిందని కాదు. మిగ్-21లో ఎఫ్‌ఎల్ రకానికి వీపు, అంటే పైలట్ వెనక నుంచి తోక వైపు సాగే పైభాగం, కాస్త సన్నం, బిస్ రకానికి లావు. పొడవూ వెడల్పూ సరిగ్గా ఉన్నా, వీపు తప్పితే పెట్టె మీద పేరు ఒకటి, లోపలి విమానం ఇంకొకటి. ఫోటో చూసి పోల్చుకుందామంటే అదీ నమ్మకం లేదు. దగ్గర నిలబడి ఫోన్‌తో తీస్తే ముక్కు ఉబ్బుతుంది, తోక చిన్నబోతుంది. జిరాక్సు తీసిన డ్రాయింగులైతే కొలత తెలిసిన భాగంతో సరిచూసుకున్నాకే వాడాలి.

ఇక మార్చే పని. వీపు కొద్దిగా ఎక్కువుంటే ఆకురాయితో రాసి, రేగుమాల్ పడితే సరిపోతుంది. తక్కువుంటే లప్పం పెట్టి, ఆరాక రుద్దాలి. ఇదంతా దిద్దడం. ముక్కే పొట్టిగా ఉంటే ఎంత రుద్దినా పొడుగవదు. అడ్డంగా రంపంతో కోసి, మధ్యలో ప్లాస్టిక్ పలక ముక్క అతికించి, రెండు వైపులా వంపు కలిసేలా మళ్ళీ రూపం కట్టాలి. దీన్ని దిద్దడం అనలేం, ఇది తీర్చడమే. ముగ్గు తీర్చడంలో, బారులు తీర్చడంలో ఉన్న తీర్చడం. పిల్లలు చేసేదేమిటంటే, తీర్చాల్సిన చోట దిద్దుతూ కూర్చుంటారు. పొర మీద పొర లప్పం పడుతుంది, ఆకారం మాత్రం రాదు.

అందుకే కరపత్రంలో ఈ రెండు మాటలనూ విడివిడిగా వాడదామనుకుంటున్నాను. చెల్లుతుందా?

మిర్యాలగూడ నుంచి, తెలుగు టీచర్:
సార్, "సరిదిద్దడం" ఉండగా ఇంత శ్రమ ఎందుకు? పరీక్ష పేపర్లు దిద్దేదాన్ని, నాకు ఆ మాట రోజూ చేతిలోదే.

జవాబు:
మేడం, సరిదిద్దడానికి ఒక తప్పు ఉండాలి, దాని పక్కనే సరైనది తెలిసుండాలి. పేపర్లో ఆ రెండూ ఉంటాయి. బొమ్మలో సరైనది ఏదో ముందు మనమే తేల్చుకోవాలి. బొట్టు దిద్దడం, కాటుక దిద్దడం, పలక మీద ఓనమాలు దిద్దడం చూడండి. వీటిలో తప్పు లేదు, ఉన్న రూపాన్ని స్పష్టం చేయడమే ఉంది. నాకు కావలసిన దిద్దడం అది.

పాలమూరు నుంచి:
అన్నా, అసలు మాట వదిలేసి చుట్టూ తిరుగుతున్నారు. తీర్చు ఎక్కడిది? "తీరు" నుంచే కదా. మా దిక్కు "ఏ తీరుగ ఉన్నది", "తీరైన మనిషి" అని దినాం అంటరు. ఆకారం బాగాలేదనడానికి "తీరు తప్పింది" అంటే సాలదా? తీరు తప్పినదాన్ని తీరుకు తెచ్చుడే తీర్చుడు. పుస్తకంల "ఆకృతి దోషం" అని రాస్తే పిల్లగాళ్ళు జాతకం అనుకుంటరు.

జవాబు:
"తీరు తప్పింది" తీసేసుకున్నాను. ఇది నాకు తట్టలేదు. రంగు తప్పడం, కొలత తప్పడం, తీరు తప్పడం అని మూడూ ఒకే వరసలో కుదురుతాయి.

దేవరకొండ నుంచి:
మాది వడ్ల పని, అంటే వడ్రంగం, చేసే ఇల్లు. నాగలి కొయ్యకు బాడిశతో చెక్కేటప్పుడు మా నాయిన "రూపం తెస్తున్న" అంటడు. రంద పట్టేటప్పుడు "సాపు చేస్తున్న" అంటడు. ఒకదానికి ఇంకోటి అనడు. బాడిశ పని అయిపోయేదాకా రంద ముట్టుకోనియ్యడు. కోస్తా దిక్కు రందను చిత్రిక అంటరట. మీరు చెప్పే తీర్చుడు, దిద్దుడు మా ఇంట్ల ఈ పేర్లతోటి ఉన్నయి. ఒక డౌటు: ప్లాస్టిక్ పల్చగ ఉంటది కదా, రుద్దుతుంటే చిల్లు పడదా?

జవాబు:
పడుతుంది. ఈ కిట్లలో గోడ మందం ఇంచుమించు ఒక మిల్లీమీటరే. అందుకే ఎక్కువ రుద్దాల్సిన చోట రెండు సగాలు అతికించకముందే లోపలి వైపు ఎపాక్సీ లప్పం మెత్తి గట్టిపడనివ్వాలి. రెండు ముద్దలు కలిపి పిసికే రకం అది. ట్యూబులో వచ్చే మామూలు లప్పం ఆరేటప్పుడు కుంగుతుంది, మందంగా పెడితే పగులుతుంది. దాన్ని పల్చటి పొరలుగానే పెట్టాలి.

ఇంకొకటి. ఒక పక్క పూర్తిగా రుద్దేసి రెండో పక్కకు పోకూడదు. అట్ట ముక్క మీద వీపు అడ్డుకోత ఆకారం కోసుకుని, దాన్ని బొమ్మకు ఆనించి వెనక లైటు పెట్టండి. వెలుతురు కనిపించిన చోట ఖాళీ ఉన్నట్టు, అట్ట ఎక్కి కూర్చున్న చోట ఎత్తు ఉన్నట్టు. అదే అట్టను తిప్పి అవతలి పక్క పెట్టాలి. నాలుగు గీకులు ఇటు, నాలుగు అటు.

నకిరేకల్ నుంచి:
దిద్దులంటే చెవులకు పెట్టుకునేవి అనుకుని లోపలికొచ్చాను. విమానం కనిపించింది.

సూర్యాపేట నుంచి:
వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు కాకుండా చూసుకోండి అంతే. సంస్కృతంలోనూ ఉంది, "వినాయకం ప్రకుర్వాణో రచయామాస వానరం" అని. సామెత చూడండి, "చేయబోతే" అన్నది కానీ "దిద్దబోతే" అనలేదు. కోతి తయారయ్యేది తీర్చే దశలోనే. అందుకే అడుగుతున్నా, పిల్లలతో రంపం పట్టించడం అవసరమా?

జవాబు:
చిన్న పిల్లలతో పట్టించను. అర మిల్లీమీటర్ తేడాకు కోయడం దండగ అని కూడా రాశాను. చేయి దూరంలో పెట్టి చూస్తే కంటికి తెలిసే తేడాకే రంపం. పైలట్ మీది గాజులాంటి మూత తీరు తప్పితే మాత్రం లప్పం పనికిరాదు, పారదర్శకం కదా. కొయ్యతో ఆ ఆకారం చెక్కి, పల్చటి పారదర్శక ప్లాస్టిక్‌ను వేడి చేసి దాని మీద సాగదీసి కొత్త మూత చేసుకోవాలి. దేవరకొండ తమ్ముడూ, మీ నాయిన చెయ్యి అక్కడ కావాలి.

మిర్యాలగూడ టీచర్ మళ్ళీ:
సరే, ఒప్పుకున్నాను. రుద్దాక చెరిగిపోయిన గీతలను మళ్ళీ గీయడానికి ఏం రాశారు? "పునర్లేఖనం" అని రాయకండి దయచేసి.

జవాబు:
రాయలేదు మేడం. అసలు అవి గీతలు కావు, రేకులు కలిసే చోట సన్నటి గాడులు. గట్టి టేపు అంచు పట్టుకుని సూదితో మెల్లగా, ఒత్తిడి లేకుండా మూడు నాలుగుసార్లు లాగాలి. "గాడి తీయడం" అని పెట్టాను.

దేవరకొండ నుంచి:
గాడి కరెక్టు. తలుపుకు కూడా మేం అదే అంటం.