కలెక్టర్ అనే మాట మన నోళ్లలో ఎలా స్థిరపడింది?

అనంతపురం నుంచి రాస్తున్నాను. ఇంటిపన్ను రసీదు పుస్తకం చంకన పెట్టుకొని బిల్ కలెక్టర్ గడప దగ్గరికి రాగానే, ఐదో తరగతి చదివే మా మనవరాలు 'ఈయన జిల్లా కలెక్టర్‌కు ఏమవుతారు తాతా?' అని అడిగింది. నవ్వు వచ్చింది గాని, సమాధానం పూర్తిగా చెప్పలేకపోయాను. పోగుచేయడమనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి ఈ మాట పుట్టిందనీ, 1772లో బెంగాల్ గవర్నరు వారెన్ హేస్టింగ్స్ శిస్తు వసూలు కోసం ఈ పదవిని ఏర్పరచాడనీ, 1800లో నిజాం దత్తమండలాలను, అంటే అనంతపురం, కడప, బళ్లారి వంటి ఈ ప్రాంతాలను, ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాక థామస్ మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టర్‌గా 1807 దాకా పనిచేశాడనీ తెలుసు. శిస్తుకు ఆ ప్రాధాన్యం పోయినా పేరు మాత్రం అలాగే నిలిచింది. పైగా గొప్పలకు పోయేవాణ్ణి 'పెద్ద కలెక్టర్ దిగినాడు' అని దెప్పడం మనకు పరిపాటి. పక్కనున్న బళ్లారిలో జిల్లాధికారి అంటారు. మన దగ్గర జిల్లా పాలనాధికారి అని కాగితం మీద రాసినా, ఆ మాట నాకు ఎవరి నోటా వినబడలేదు.

నేను అడగదలచినది ఇది: కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల పాత అర్జీలలో, దస్తావేజులలో ఈ అధికారిని ఏమని సంబోధించేవారు? 'కలెక్టరు దొరవారు' అన్న ప్రయోగం మీ ఇళ్లలోని కాగితాలలో ఎక్కడైనా ఉందా? ఉంటే, ఆ వాక్యాన్నీ, కాగితం మీదున్న సంవత్సరాన్నీ దయచేసి తెలుపగలరు.