అప్‌డేట్: లాక్‌డౌన్ ఉగాదికి వేపపువ్వు దొరికింది

విశాఖలో అంతా మూసేశారు, ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎలా అని అమ్మ దిగులు పడుతుంటే మొన్న ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ‘ముందు మేడ ఎక్కి చూడండి’ అన్న సలహాయే ఫలించింది. పదకొండేళ్లుగా మద్దిలపాలెంలో ఉంటున్నాం, పక్కింటి వేపకొమ్మ మా పిట్టగోడ మీదే పూస్తోందని నాకు తెలియదు! నాన్నగారు పూతను అరచేతుల మధ్య నలిపి చేటలో చెరిగితే కాడలు పోయి తెల్లని రేకులు మిగిలాయి. మెంతులతో సరిపెట్టే అవసరం రాలేదు.

అమ్మ అసలు దిగులు పువ్వు గురించి కాదట, హైదరాబాదులో చిక్కుకుపోయిన చెల్లి గురించి. 2020 మార్చి 25, ఉగాది ఉదయం వీడియో కాల్‌లో నాన్నగారే శార్వరి నామ సంవత్సర పంచాంగం చదివారు. చెల్లి అక్కడ ఉత్త బెల్లం ముక్క నోట్లో వేసుకుంది. ‘చేదు తప్పించుకున్నావే’ అని అమ్మ నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది.