మంచి తిండికీ వ్యాయామానికీ అడ్డు డబ్బా, సమయమా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:
డబ్బు లేక మంచి తిండి తినలేకపోతున్నామనడం చాలావరకు సాకేనని నా అభిప్రాయం. ఎండు పప్పుధాన్యాలు వంద గ్రాములు తీసుకుంటే సుమారు 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, పైగా అవి మాంసం కంటే చాలా చవక. నడకకు రుసుము కట్టనక్కరలేదు. కాదనేవారు కారణాలు చూపాలని మనవి.

రెండవ సభ్యురాలు:
కారణాలు చూపుతాను. మీ లెక్కలో సరుకు ధర ఉంది గాని, దాన్ని తిండిగా మార్చే మనిషి శ్రమ లేదు. శనగలు ముందురాత్రి నానబెట్టడం మరిచిపోతే మర్నాడు అవి ఒక పట్టాన ఉడకవు. ఆకుకూర కట్ట విప్పి, కుళ్లిన ఆకులు ఏరి, అడుగున ఇసుక తేలనంతవరకు నీళ్లు మార్చి మార్చి కడిగి, తరిగి, వండి, ఆపైన గిన్నెలు తోముకునేసరికి, పొద్దంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషికి ఓపిక మిగలదు. అటువంటివారు పొట్లం విప్పి తినేస్తే దాన్ని సోమరితనం అనడం న్యాయం కాదు.

అందుచేత చవకగా ఏది తినాలన్న సలహా కంటే, పని ఎలా తగ్గించాలన్న సలహాయే వారికి అక్కరకొస్తుంది. పప్పులు ఒకేసారి ఎక్కువగా ఉడికించుకుంటే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలవ ఉంటాయి (ఫ్రిజ్ లేని ఇంటికి ఈ మాట వర్తించదని ఒప్పుకోవాలి). గడ్డకట్టించి అమ్మే కూరగాయలు పోషకాల్లో తాజావాటికి పెద్దగా తీసిపోవు, కడగడం, తరగడం అనే పని కూడా తప్పుతుంది.

మూడవ సభ్యుడు:
వ్యాయామానికి మాత్రం సమయం సమస్యే కాదు. రోజుకు నాలుగు నిమిషాలు తీవ్రంగా చేస్తే చాలునని జపాన్ పరిశోధకుడు తబాతా 1996లోనే నిరూపించారు కదా?

రెండవ సభ్యురాలు:
ఆ ప్రయోగాన్ని పూర్తిగా చెప్పుకోవాలి. అందులో పాల్గొన్నవారు వ్యాయామానికి అలవాటుపడిన యువకులు. స్థిర సైకిలుపై 20 సెకన్లు శక్తికొద్దీ తొక్కి, 10 సెకన్లు ఆగుతూ, ఏడెనిమిది ఆవృత్తాలు చేసేవారు. వారానికి ఒక రోజు అరగంటసేపు నిలకడగా తొక్కడం కూడా అందులో భాగమే. ఏళ్ల తరబడి కదలిక లేనివారు ఒక్కసారిగా ఆ తీవ్రతకు దిగడం క్షేమం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చేసిన సూచనే సామాన్యులకు ఎక్కువ ఉపయోగం. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలంటూనే, ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత నియమాన్ని ఆ సంస్థ తొలగించింది. మెట్లెక్కిన రెండు నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయి. కండరాలకు పని చెప్పే వ్యాయామం వారానికి రెండు రోజులైనా ఉండాలన్న భాగాన్ని మాత్రం చాలామంది వదిలేస్తారు. గుంజీలకూ దండీలకూ పరికరాలతో పనిలేదు.

చర్చ ప్రారంభించిన సభ్యుడు:
సమయం విషయంలో మీ వాదన కొంతవరకు అంగీకరిస్తాను. అయినా సెలవు రోజున రెండు గంటలు వంటకు కేటాయించలేనంత తీరిక లేనివారు ఎందరుంటారు?

రెండవ సభ్యురాలు:
ఆ రెండు గంటలు ఎవరివన్నదే నా ప్రశ్న. ఇంట్లో ఒకరు పొద్దున్నే నడకకు వెళ్లివచ్చి వేడి వేడి భోజనానికి కూర్చుంటున్నారంటే, ఆ వేళకు మరొకరు పొయ్యి దగ్గర ఉన్నారన్నమాట. ఆ రెండో మనిషి 150 నిమిషాలు ఎక్కడినుంచి వస్తాయో కూడా మీ లెక్కలో చూపించండి.